తరుగు

ఎనుమాముల యార్డుల ముప్పై ఏండ్లు
కాంటా ముందట నిలబడ్డ మనిషి మా కొమ్మాలు.
దడ్వాయి లైసెన్సు ఇంకా అంగీ జేబుల్నే ఉన్నది.
మిర్చి బస్తాను అట్ల కొంచెం లేపి చూసి
కాంటా కంటె ముందుగాల బరువు చెప్పేటోడు.
తక్‌పట్టీల కిలో తేడా వస్తే
ఆ రాత్రి అన్నం సయించేది కాదు.

ఈ ఏడు సీజన్ల
నలభై ఒకటి అనబోయి "నల్లది" అన్నడు.
అంకెలు చీటీ మీద ఒక దిక్కు జారినయి.
రైతు నవ్విండు, హమాలీలు నవ్విండ్లు,
మిర్చి కుప్ప పక్కన కూలబడుకుంట
తను కూడా నవ్విండు.

ఎంజీఎంల నౌషీన్ డాక్టరమ్మ
వెలుగు డబ్బా మీద ఫిల్మ్ పెట్టి
పెన్నుతోని చుట్టూ గీసింది. ఇదిగో, ఇది.
నాకైతే పురుగు పట్టిన పత్తికాయ కనబడ్డది.
మెదడు చక్కెర మీద నడుస్తదట.
గడ్డ కూడా ఆ పొయ్యి మీదనే వండుకుంటదట.
అది చాలకుంటే పప్పుల సారం, కొవ్వు,
నరాలు ఒకదానితోని ఒకటి మాట్లాడుకునే రసం గూడ
తిని పెరుగుతుండొచ్చు, అన్నది.
"వచ్చు" అనే మాట మూడుసార్లు అన్నది.
నేను లెక్కబెట్టిన.
తూకపోని పెండ్లాన్ని గదా.

బస్సుల వచ్చేటప్పుడు ఒక్కటే యాదికొచ్చింది:
బస్తాకు రెండు కిలోలు తరుగు తీసే అడ్తి సేటు.
పంట ఎవ్వడిది, చెమట ఎవ్వడిది,
గద్దె మీద కూసోని ముందుగాల తన వాటా.
నేను పెట్టే ముద్ద
రక్తం తొవ్వల పోతుంటే
తలకాయ లోపల గసొంటోడు ఒకడు
సంచి పట్టుకొని నిలబడ్డడా?

ఎదురింటి సారక్క చెప్పింది,
కిరాణంల చక్కెర అమ్ముకునే మనిషే చెప్పింది:
"తీపి బంద్ పెట్టు వదినె, మాడి చస్తది."
పదకొండు రోజులు పెట్టలేదు.
బెల్లం డబ్బా అటక మీదికెక్కింది.
అన్నం పిడికెడు. చాయ్ ఉట్టి డికాషిన్.
ఆయన గ్లాసు దిక్కు చూసి
మాట కోసం చానసేపు ఎతికి
"తెల్ల ఇసుక ఏది?" అని అడిగిండు.
నేను ఇనబడనట్టు బోళ్ళు తోమిన.

పదకొండో నాడు బెల్టుకు
మేకుతోని కొత్త బొక్క కొట్టాల్సి వచ్చింది.

డాక్టరమ్మ నా మీద లేసింది.
"గడ్డను ఎండబెడ్త అనుకుంటే మనిషే ఎండుతడు.
నువ్వు పెట్టకున్నా కాలేయం ఊకోదమ్మా,
కండ కరగదీసైనా చక్కెర చేసి పంపుతది.
ఎవరు తింటున్నరో దానికెందుకు?"

కాలేయం.
నా తోడికోడలు లెక్క అనిపించింది.
గడప లోపలికొచ్చినోడు దొంగనా, చుట్టమా అడగకుండ
ఇస్తరి ఏసే ఆడిది.
ఇంట్ల ఏం లేకుంటే
తన పుస్తె కుదువబెట్టైనా వండేది.
దాని మీద కోపం ఎట్ల చేసుకుంట?

దూరంల ఎక్కడ్నో గాజు గిన్నెలల్ల
ఇసొంటి గడ్డనే పెంచి
ఏ మెతుకు ఆపితే ఇది ఆగుతదో
చూస్తున్నరట పెద్దపెద్దోళ్ళు.
చూడనీ. వాళ్ళ కాంటా వాళ్ళది.
నాకు ఇయ్యాల్టి పొయ్యి ఉన్నది.

రాత్రి మక్కగటక పలుచగ చేసి
చారెడు చల్ల పోసి గిన్నె చేతికిచ్చిన.
కుడిచెయ్యి లేస్తలేదు,
ఎడమ అరచేతుల పెట్టుకొని
కండ్లు మూసుకున్నడు.
నా పేరు రెండు రోజుల సంది పలుకని మనిషి
"గిన్నెతోని నాలుగు వందల పది" అన్నడు.

చల్లారుతదని తెల్సి కూడా ఉరికిన.
సారక్క కాంటా మీద ఎర్ర అంకెలు:
నాలుగు వందల పన్నెండు.
వచ్చి చెప్పిన.
"రెండు తరుగు" అన్నడు, మూతి ఒక దిక్కు వంగి.
నవ్వే అది.

ఆ లెక్క ఏ మూలకు దాసుకున్నడో,
ఆ మూలకు గూడ ఆకలైతది గదా.
తొవ్వల ఎవడన్న నిలబడనీ.
చెంచా నిండ తీసి
ఊదిన.