కాలవ కట్టేసిన నెల

షట్టరు దించింది నేనే.
తొంభై ఆరు చుట్లు, ఇనప చక్రం,
అరచేతుల్నిండా గ్రీజు.
ఆఖరి చుట్టుకి నీళ్లు
గొంతులో ముద్ద అడ్డంపడ్డట్టు ఒకసారి ఆగి
ఆ తర్వాత మాటాడ్డం మానేశాయి.

కాలవ కట్టివేత ఉత్తర్వు
ధవళేశ్వరం నుంచి నాలుగు నకళ్లు వచ్చింది.
సెక్షనాఫీసుకొకటి, నీటి సంఘానికొకటి,
పంచాయతీ గోడకొకటి, లస్కర్నని నాకొకటి.
కప్పలకి ఎవరూ పంపలేదు.

వారం తిరక్కుండా కాలవ అడుగు
అప్పడంలా పెళ్లలు లేచింది.
మిగిలిన గుంటల దగ్గర గుడ్డికొంగలు
వాటాలు తేలక పోట్లాడుకున్నాయి.
ఆ రాత్రి నుంచి
బొరుసులంక లాకుల పక్కనున్న రెండో నంబరు క్వార్టర్లోకి,
అంటే మా ఇంట్లోకి,
ఒకరి తర్వాత ఒకరు దిగడం మొదలెట్టారు.

ముందు కప్పలు.
గోదారి ఎక్కినప్పుడు బళ్లోకి చేరిన లంకజనంలా
చప్పుడు చెయ్యకుండా వచ్చి
గోలెం వెనక కొన్ని, బియ్యం డబ్బా నీడన కొన్ని,
బ్రష్షుల గ్లాసులో ఒకటి.
తర్వాత ఉడుము.
స్నానాలగది తూములోంచి తల పెట్టి
అప్పడగడానికొచ్చినవాడిలా కాసేపు నసిగి
లోపలికే వచ్చింది.
ఆఖర్న నీరుకట్టె.
మంచినీళ్ల కుండ కింద తడి ఇసకలో చుట్ట చుట్టుకుంది.
విషం లేదు. కోపం మాత్రం ఉంది.

నూకరత్నం వంటగట్టు ఎక్కి కూర్చుంది.
"కట్టేసింది నువ్వు. కాపరం నా నెత్తినా?"

ఇస్రాయేలుని పిలిచాను.
పగలు ఆటో తోల్తాడు, పిలిస్తే పాముల్ని పడతాడు.
కుండ జరిపి చూసి, మళ్లీ కుండ పెట్టేశాడు.
"పడతానండి. ఎక్కడ వదల్ను?
నీళ్లెక్కడున్నాయో చెప్పండి."
లాకుల మీద నిలబడి ఎగువకీ దిగువకీ చూశాం.
ఉన్నవి రొయ్యల చెరువులు.
చుట్టూ వల.
నిరుడు ఆ వలలో చిక్కుకున్నవి
ఇంకా ఎండిన తోరణాల్లా వేలాడుతున్నాయి.
టీ తాగాడు. కిరాయి తీసుకోకుండా వెళ్లిపోయాడు.

రోహిణికార్తె.
గోడ ముట్టుకుంటే జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు.
రాత్రి రెండింటికి ఫ్యాను ఆగిపోతే
గచ్చు మీద అరబకెట్టు నీళ్లు చల్లి పడుకున్నాం.
తడి ఎంతమేరో ఇల్లు అంతే.
అందరం ఆ అంచుల్లోనే సర్దుకున్నాం.
టార్చిలైటు వెలుతుర్లో చూశాను:
కప్ప గొంతు కింద తోలు,
నూకరత్నం మెడ పక్కన నరం,
రెండింటిదీ ఒకే తొందర.

అన్ని రోజులూ అలా గడవలేదు.
పొదిగేసిన గుడ్లు పదకొండూ ఉడుము తినేసింది.
పెట్ట బుట్ట చుట్టూ తిరుగుతుంటే
నూకరత్నం ఏడుస్తూ చీపురు తిరగేసింది.
నేను అడ్డుపడలేదు.
తలుపు మాత్రం తీసిపెట్టాను.
ఆ ఎండలోకి వెళ్లి అదెక్కడ తల దాచుకుందో తెలీదు.
అడగడానికి మొహం చెల్లక తెలుసుకోలేదు.

నీరుకట్టె సంగతి వేరు.
పొద్దున్నే నీళ్లు ముంచేముందు
కుండ మీద గరిటెతో రెండుసార్లు కొట్టి
"ఆయ్, కాస్త జరగండి" అనేది.
పదహారేళ్ల కాపరంలో
నన్ను ఏనాడూ అండీ అనని మనిషి.

మళ్లీ కాగితం వచ్చింది.
మళ్లీ తొంభై ఆరు చుట్లు, ఈసారి వెనక్కి.
ముందు చెత్త వచ్చింది:
కొబ్బరి డొక్కలు, ఎవరిదో ఎడంకాలి చెప్పు, నురగ.
దాన్ని తోసుకుంటూ నీళ్లు.
చక్రం వదిలేసినా
చేతులు కాసేపు వణుకుతూనే ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి
కుండ కింద ఇసకలో చుట్ట గుర్తు మాత్రం ఉంది.
బ్రష్షుల గ్లాసులోది కదల్లేదు.
మేమే సంతలో ఇంకో గ్లాసు కొనుక్కున్నాం.

మర్నాడు పొద్దున్న నూకరత్నం
కుండ మీద గరిటెతో రెండుసార్లు కొట్టి
కాసేపు ఆగింది.
నేను చూస్తున్నానని గమనించి
గబగబా నీళ్లు ముంచుకుంది.