పండుకున్నది

యాప్రాల్‌లో గుట్టను జేసీబీ తవ్వుతున్న రోజు
రాళ్ళ సందులోంచి ఊడిపడింది
ఎర్రమట్టి అంటిన చిలగడదుంప లాంటి వేరు.
రవ్వ సంచిలో వేసుకొచ్చి
ప్రహరీకీ సెప్టిక్ ట్యాంకుకీ నడుమ
మూరెడు జాగాలో పాతిపెట్టాను.

"ఏం మొక్క?" అంది పైవాటా సంయుక్త.
అడవి ద్రాక్ష అన్నాను.
"ద్రాక్షకేం, బండి మీద కిలోల్లెక్కన దొరుకుతుంటే!"

వానలకు లేచింది.
కుళాయి గొట్టం, బట్టల దండెం, డిష్ యాంటెన్నా
అన్నిటి చెయ్యీ అడక్కుండానే పట్టుకుంది.
విప్పిన అరచేతులంత ఆకులు,
వాటి చాటున మిరియాలంత కాయలు.
నల్లబడ్డాక ఒకటి కొరికితే
గొంతులో చీమలు పాకినట్టు దురద.
పిగిలిపిట్టలకు మాత్రం ఏ ఫిర్యాదూ లేదు.

చలి పోతూ పోతూ ఆకుల్ని పట్టుకుపోయింది.
ఉగాదికి తీగ పుల్ల.
బియ్యం కడిగిన నీళ్ళు, ఏసీ కార్చిన నీళ్ళు,
ట్యాంకర్ వచ్చిన పూట
లెక్కలో చెప్పని రెండు మగ్గులు పోశాను.
పుల్ల పుల్లలాగే ఉంది.

అశోక చెట్ల తలలు కొట్టడానికొచ్చాడు పెంటయ్య.
ఒకప్పుడు కొంపల్లి తోటల్లో
ద్రాక్షకు కత్తెర వేసిన చెయ్యి.
ఆ పందిళ్ళు పోయి
ఇప్పుడక్కడ పెళ్ళి పందిళ్ళు.

కత్తెర పక్కన పెట్టి, చూపుడువేలుతో
మట్టిని గీకి, వాసన చూశాడు.
"గిన్ని నీళ్ళు పోస్తె కుళ్ళుతదమ్మా.
సావలే. పండుకున్నది.
లేపకు."

నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో వింటున్న మాట.
అందులో పండు ఉన్న సంగతి
ఆ పూటే వినబడింది.

పోయడం ఏముంది, మగ్గు వంచితే చాలు.
రోళ్ళు పగిలే రోహిణిలో
నిండు బకెట్ పక్కన పెట్టుకుని
చేతులు ముడుచుకు కూర్చోవడం
నాకు ఎవరూ నేర్పలేదు.
రెండుసార్లు తప్పాను కూడా.
పెంటయ్యకు చెప్పలేదు.

మృగశిర మూడో వానకు
పాతిన చోట ఏమీ లేదు.
గోడకు అవతల, గేటు పక్కన,
సిమెంటు పగులులోంచి
గులాబీ రంగు కొస ఒకటి
దేన్ని పట్టుకుందామా అని గాలిలో వెతుకుతోంది.

సాయంత్రం సంయుక్త ఆఫీసు నుంచి వచ్చింది.
హెల్మెట్ తియ్యకుండానే వంగి చూసింది.
ఏమీ అనలేదు.
స్కూటీని ఒక జానెడు
పక్కకు జరిపి స్టాండు వేసింది.