రెండు బిందెల పండుగ

పోయిన దసరాకు పైరూముల ముగ్గురు దిగిండ్రు.
చౌటుప్పల్ దాటినంక కోళ్లదాణా కంపెనీల
కొత్త మిషిన్లు నేర్పనీకి థాయిలాండు నుంచి వచ్చిండ్రట.
ఒకామె పేరు ఫోన్.
మేం నవ్వినం.
మా చిన్నోడైతే చెవి కాడ చెయ్యి వెట్టి హలో అన్నడు.
ఆమె గుడ నవ్వింది. సెల్లుల వెతికి వెతికి
మబ్బు బొమ్మ సూపెట్టింది, కింద నాలుగు గీతలు.
వాళ్ల భాషల ఫోన్ అంటె
వాన.

మా ఊర్ల ఎవ్వలు ఆ పేరు వెట్టుకోలే.
వెట్టినా నమ్మకపోదుము.

ఏప్రిల్ పదమూడు. ఎండ
రేకుల మీద పల్లీలు ఏంచుతున్నది.
తలలు పోసుకొని, పూల అంగీలు తొడుక్కొని
మెట్లు దిగిండ్రు ముగ్గురు.
“సొంగ్‌క్రాన్” అన్నది ఫోన్.
“సంక్రాంతి ఎప్పుడో అయిపాయె గదనే,
పతంగులు గుడ చినిగిపాయె” అన్నది మా అత్త.
వాళ్లకు కొత్త సంవత్సరమట. నీళ్లతోని చేస్తరట.
బజార్ల నిండ తొట్లు, పైపులు,
ఎవ్వలు ఎవ్వల మీదన్న పొయ్యొచ్చట,
పోలీసాయన మీద గుడ.

నేను నల్ల దిక్కు చూసిన.
దినం తప్పి దినం వస్తది, గంటసేపు.
సంపుల జానెడున్నది.
“రెండు బిందెలు” అన్న, ఏళ్లు సూపెట్టి.
వాన పేరున్న పిల్ల
రెండు బిందెలకు రెండు చేతుల దండం వెట్టింది.

మల్లెలు బస్టాండు కాడ మూర కొనుక్కొచ్చిండ్రు.
రేలపూలే వాళ్లకెట్ల దొరికినయో!
నారాయణపురం తొవ్వల గుట్ట కింద ఆ చెట్టు
ఆకు లేకుండ పసుపు కారుతుంటది,
బస్సుల పోతూ చూస్తం, ఎన్నడు దిగం.
ఆమె గుత్తిని గుండెకదుముకొని ఏదో అన్నది.
నాకు సమజైంది ఒక్కటే,
అది గుడ వాళ్లూరిదే.

వాళ్ల లెక్కల, వాడకు పెద్దమనిషెవలో
ఆమె చేతుల మీద మల్లెనీళ్లు పొయ్యాలె,
దీవెన తీసుకోవాలె.
వాడకు పెద్ద, పక్కింటి అండాలవ్వ.
అండాలవ్వ చేతులు!
నలభై ఏండ్లు బోరింగు నీళ్లు తాగిన చేతులు.
ఏళ్లు కొంకి తిరిగినయి, మోచెయ్యి
సగం సాగి ఆగిపోతది.
పండ్లు పచ్చవడి ఊడినంకనే తెలిసింది
నీళ్లల్ల ఏమున్నదో.
దోసిలి వట్టమంటె ఎట్ల వడ్తది?

“నీళ్లా?” అన్నది అవ్వ. “నా మీదనా?”
ఆ మాటల ఏమున్నదో వాళ్లకు తెల్వది.
నాకు తెలుసు. నేను చెప్పలే.

ఫోన్ మోకాళ్ల మీద కూసున్నది.
తెరుచుకోని పిడికిలి కింద తన అరచెయ్యి ఆనిచ్చి
చెంబు వొంచింది, కొంచెం కొంచెం,
బొక్కల సందులల్ల, గోర్ల మీద, కడెం కింద.
ఒక మల్లెపువ్వు వంకర ఏళ్ల నడుమ ఇరికి
ఆడనే ఉండిపోయింది.
అవ్వ కండ్లు మూసుకోలే.
చుక్క చుక్క లెక్కవెట్టి,
కాలుతోని తాంబాళం కిందికి జరిపింది:
“పారవొయ్యకుండ్రి, మిరపచెట్టుకు పోద్దాం.”

గిన్నెల తెల్లసుద్ద కలిపిండ్రు.
అవ్వ చెంపలకు, మా అత్తకు, నాకు.
చిన్నోడు ఎవ్వలు పూయకముందే మునిగిండు.
ఇగ దీవెన ఇయ్యాలె.
వాళ్ల ముచ్చట అవ్వకు రాదు.
పండ్లు లేని నోటితోని ఎప్పుడనేదే అన్నది:
“సల్లగుండు బిడ్డా.”
నలభై రెండు డిగ్రీలల్ల
ఆ మాట నేను మొదటిసారి విన్న.

రాత్రి పైరూముల నుంచి ఎండుశాపల వాసన, పాట.
ఒకామె నవ్వుతున్నది కావచ్చు,
ఏడుస్తున్నది కావచ్చు.
ఆ భాషల రెండూ నాకు ఒక్కతీర్గ వినవడ్తయి.
మా అత్త ముక్కు మూసుకొనే
గిన్నెడు పులిహోర పైకి పంపింది.

తెల్లారి పింఛను లైన్ల నిలవడ్డది అండాలవ్వ.
మిషిన్ల ఏలిముద్ర పడలే,
మూడుసార్లు కొంగుతోని తుడిపిచ్చిండ్రు.
చెంపల సుద్ద మాత్రం అట్లనే ఉన్నది.
“మొకానికేందే అవ్వా?” అన్నడట పోస్టాయన.
“వాన వడ్డది” అన్నదట.