లూపు లైను

కాజీపేట జంక్షన్ కాడ మా నాయిన పెట్టిన దుకాణం.
కుర్చీలు రెండు, అద్దాలు మూడు.
పొద్దుమీకి ఊడిస్తే చీపురు ముందట నల్లటి కుప్ప,
నడుమ నడుమ తెలుపు,
గోరింటాకు పెట్టుకున్న ముసలోళ్ల నారింజ.
ఆ నారింజ దొంగతనం కుదురు కాడ దొరుకుతది.

ఓబ్రాయన్ సారు వచ్చిన దినమే
కుప్పల రాగి తీగలు పడేటివి.
ఆవిరి బండ్ల కాలం డ్రైవరు.
బొగ్గు పొయ్యిల తల పెట్టి పండుకున్నడట అని
క్వార్టర్ల పోరగాండ్లు నవ్వేటోళ్లు.
మొఖం నిండ మచ్చలు, జొన్నరొట్టె మీది చుక్కల లెక్క.
ఇంజను కన్న ఎండనే ఆయనను ఎక్కువ కాల్చింది.

కొడుక్కు నల్ల జుట్టు. మనుమరాలికి నల్ల జుట్టు.
"నాతోనే ఆఖరు, కొమ్రెల్లీ" అన్నడు ఒకసారి
మెడ మీద కత్తి ఉన్నందుకు కదలకుండ,
"ఈ రంగుకు వెనుక బండి లేదు."
నేనేమంట? నురుగు తుడిచిన.
ఆయన పోయిననాడు పెట్టెల చూస్తే
ఆ జుట్టు ఇసుక రంగుకు దిగి ఉండె.

మా రవళి బైపీసీ సెకండియర్.
గల్లపెట్టె కాడ కూసొని చదువుకుంటది.
రసీదు బుక్కు వెనుక నాలుగు గడులు గీసి చూపెట్టింది:
పదహారో క్రోమోజోము మీద చిన్న అచ్చుతప్పు,
అమ్మ దిక్కు నుంచి ఒకటి, నాయిన దిక్కు నుంచి ఒకటి,
రెండూ కలిస్తెనే ఎరుపు.
ఒక్కటే అయితే నలుపు కింద దాసుకుంటది.
"మరి మాయమైపోతదా బిడ్డా?"
"ఎట్ల పోతది బాపూ?
ఎక్స్‌ప్రెస్సుకు దారిడిసి
గూడ్సు లూపు లైన్ల నిలబడదా, అట్ల.
ఏడు తరాలైనా నిలబడతది.
అసువంటిదే ఇంకోటి కలిసిన్నాడు సిగ్నలు పడతది."
కాజీపేటోనికి గూడ్సు సంగతి చెప్పాల్నా.

ఉగాదికి ముందు ఐలోని మల్లన్న కాడ
పుట్టెంటికలు తీసే పని తగిలింది.
మడికొండ అవతలి పిలగాడు, రెండేండ్లోడు, ఐలేషు.
టోపీ తీస్తే తోమిన చెంబు లెక్క తల.
"తిండి సాల్తలేదని అంగన్‌వాడీ మేడం రాసింది.
దినాం గుడ్డు పెడుతున్న. ఎరుపు పోతలేదు"
అన్నది తల్లి, తప్పు చేసిన గొంతుతోని.
వాడేమో నా మోకాళ్ల నడుమ కోడెదూడ లెక్క గుంజుతుండు,
బుగ్గలు పొంగిన పూరీలు.
తల్లిది నలుపు. తండ్రిది నలుపు.
ఏ కాలంల ఏ బండి దిగి ఎవరు ఆగిండ్రో,
ఎవరు ఇష్టపడ్డరో, ఎవరు ఓర్చుకున్నరో,
అడిగేటందుకు నేనెవర్ని.
"ఆకలి ఎరుపు చేతికి ఎండుగడ్డి లెక్క తగుల్తది చెల్లె.
ఇది పట్టు.
గుడ్డు పెట్టు, ఎరుపు కోసం గాదు" అన్న.
కత్తి కింద అంతా ఆమె కొంగుల పడ్డది.
ముడేసుకున్నది, బియ్యం గింజలతో సహా.

ఇగ అసలు ముచ్చట.
ఆ రాత్రి షట్టరు సగం దించి
మూడో అద్దం ముందట కూసున్న.
ఇరవై ఏండ్ల వయసు సంది
నా మీసం ఎడమ కొసకు రెండు ఎంటికలు మొలుస్తయి.
కనబడంగనే తెంపేస్త.
రవళి అమ్మకు సుత తెల్వది.
తాతముత్తాతల సంది ధర్మసాగరం మనుషులం,
ఎటూ పోలే, ఎవరూ రాలే అని చెప్తుండె మా అవ్వ,
అడగకున్నా చెప్తుండె.

ఈసారి తెంపలే.
నెల పెరగనిచ్చి బల్బు కిందికి మెలేసిన.
రాగి.

రవళి పుస్తకంల నుంచి తలెత్తింది.
చాన సేపు చూసింది.
"రంగేసుకోవా బాపూ?"
"ఉండనీ."
రసీదు బుక్కు తిప్పి
పాత గడుల పక్కన కొత్తవి గీసి
ఒక దాంట్ల నా పేరు రాసింది,
పెన్సిల్‌తోని.