సగం పీపా

కెయోన్ రేవులో వాన ఆగదు.
ఆగినట్టు అనిపించినా
అది రేకుల మీద ఊపిరి తీసుకోవడమే.

నిన్న సాయంత్రం పోర్ఫియాదాని తాడు కట్టి లాక్కొచ్చారు.
ఆ పేరుకి అర్థం మొండిది అని.
పందొమ్మిదేళ్ళలో ఒక్కనాడూ ఇంకొకరి తాడు అందుకోని పడవ.
జలసంధి నడిమధ్యన,
పాటునీరు వెనక్కి లాగుతున్న వేళ,
రెండు దగ్గులు దగ్గి
తెల్లపొగ ఒకటి వదిలి
ఊరుకుందట.

నేను ఎర్మిందాని. ఇంజన్లు విప్పేదాన్ని.

ఫిల్టరు విప్పితే
డీజిల్ రావలసిన చోట జిగురొచ్చింది,
నల్లటి మీగడలా,
మురిగిన గుడ్డు వాసనతో.
గాజు సీసాలోకి పట్టి కిటికీలో పెట్టాను.
గంటకి తేరుకుంది:
పైన తేనెరంగు,
అడుగున నీళ్ళు,
రెంటికీ నడుమ గోటిమందాన ఒక పొర.
బతికే ఉంది అది.
కాపురం నీటిలో, తిండి నూనెలో.
పాలనీ నీళ్ళనీ విడదీసే హంస సంగతి వేరు,
నా దగ్గరున్నది కాగితం ఫిల్టరు,
పన్నెండు వేల పెసోలు.

భూతద్దంలో ఇంజెక్టర్ల మొనలు చూశాను.
ఎలుక కొరికిన జల్లెడలు.
పంపు లోపల తుప్పు చారిక.
వెంట్రుకలో ఇరవయ్యో వంతు సందది,
నూనె అయితే జారనిస్తుంది,
నీరు పట్టేసుకుంటుంది.

"ఎక్కడ పోయించావు రోసమెల్?"

రోసమెల్ చిగ్వాయ్ నీళ్ళు నమిలాడు.
టోపీ తీసి, పిండి, మళ్ళీ పెట్టుకున్నాడు.
ఇంజనూ అదే చేసింది పాపం,
నీళ్ళు నమలబోయి
పళ్ళు పోగొట్టుకుంది.

"బంకులోనే" అన్నాడు.
ఆ బంకు డీజిలే పొద్దున నా ట్రక్కులో పోసుకున్నాను.
ఏమీ అనలేదు.
పదమూడో నంబరు స్పానర్ కోసం వెతికాను.
చేతిలోనే ఉంది.

కాసేపటికి అతనే చెప్పాడు,
నన్ను కాదు, గోడమీది క్యాలెండర్ని చూస్తూ.
ఎలియెసెర్ పీపా అది.
మార్చిలో తమ్ముడు నింపి తెచ్చుకున్నాడు,
సగం వాడాడు,
ఏప్రిల్లో ఆస్పత్రికని పోయి తిరిగి రాలేదు.
మిగతా సగం షెడ్డులో
చలికాలం అంతా కదలకుండా.
పారబోయడానికి చేతులు రాలేదు.
అమ్మడానికి అసలే రాలేదు.
"వేట తెరిచిన మొదటి రోజు
వాడి నూనెతో వెళ్దామనుకున్నా."

ఎలా చెప్పను?
పీపా సగం ఖాళీగా ఉంటే
ఆ ఖాళీ ఊరికే ఉండదు.
పగలు గాలి పీలుస్తుంది,
రాత్రి చలికి లోగోడ చెమరుస్తుంది,
బొట్టూ బొట్టూ అడుక్కి దిగుతుంది.
ఎవరూ కల్తీ చెయ్యలేదు.
చేసినవాడు ఒక్కడున్నా
ఇద్దరం కలిసి వాణ్ణి తిట్టుకుని
మాతే తాగేవాళ్ళం.

చెప్పాను.
నిండుగా ఉంచాలి, లేదా పూర్తిగా ఖాళీ చెయ్యాలి,
దేన్నీ సగంలో వదలకూడదు, అని.
నోరు జారాక
అతని ముఖం చూశాను.

లెక్క రాశాను.
ఇంజెక్టర్లు నాలుగు.
పంపు ఒకటి, పుయెర్తో మోంత్ నుంచి రావాలి.
ఫిల్టర్లు రెండు. ట్యాంకు కడగడం.
కూలి అన్నచోట పెన్ను ఆగింది,
ఏదో ఒక అంకె వేసి, కొట్టేసి, తక్కువది వేశాను.
"ఇంజనుకి నీళ్ళొదులుకోమంటావా?"
"వద్దు. దాని నీళ్ళు వదిలించనివ్వు.
పది రోజులు పడుతుంది."

వెళ్తూ వెళ్తూ కిటికీ దగ్గర ఆగాడు.
సీసా ఎత్తి వెలుతురుకి పట్టి
పైనున్న తేనెరంగుని చూశాడు, చాలాసేపు.
మూత బిగించాడు.
అడగలేదు, నేనూ వద్దనలేదు.
"కుదపకు" అన్నాను, "మళ్ళీ కలిసిపోతాయి."

రెండు చేతులా పట్టుకుని వెళ్ళాడు,
చెక్కబాట మీద, వానలో,
నిండుగిన్నె మోస్తున్నవాడిలా
ఒక్కో అడుగూ చూసి వేస్తూ.