నీ పలక పగల

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో
చట్రాలు బిగించే పని నాది.
పొద్దు గూకేసరికి రాతిదుమ్ము వేలి గీతల్లోకి దిగిపోయి
ఫోను నా వేలిముద్రని నమ్మదు.
నాలుగంకెలు నొక్కి తీస్తా.
అవి మా ముత్తాత బాప్తిస్మం పుచ్చుకున్న ఏడు.

ఆ ఏడు దొరకడానికి రెండేళ్ళు పట్టింది.
ఒంగోలులో పాత రిజిస్టరు
చెదలు తిన్నంత మేర పోగా మిగిలింది
పేజీ పేజీ ఫోటో తీసుకున్నా.
పెద్ద మాలకొండయ్య, ఇకమీదట ఇశ్రాయేలు.
చిన్న మాలకొండయ్య, ఇకమీదట యోబు.
వీరి తల్లి.
అంతే. తల్లి.
పేరు రాయాల్సిన చోట
కలం కాసేపు ఆగినట్టు ఒక సిరా చుక్క.

అన్నదమ్ములిద్దరూ గనిలో రాయి చీల్చినవాళ్ళే.
వరిగ గంజికి కూడా కరువొచ్చిన ఏడు
యోబు మద్రాసు దాకా నడిచి ఓడెక్కాడు.
రంగం చేరాడని ఒకరు,
ఓడలోనే వాంతులై పోయాడని ఒకరు.
మా నాయన దగ్గర ఆ పేరెత్తితే
చుట్ట పక్కన పెట్టి
తుమ్మచెట్ల వైపు చూసేవాడు.

ఫోటోలన్నీ నెట్‌లో పెట్టా.
కింద ఒక ముక్క రాశా:
యోబు తాలూకు ఎవరన్నా ఉంటే పలకండి.
పదకొండు నెలలు.
ఎవరో ఒకాయన మాత్రం
పలకలు డజను ఎంత అని అడిగాడు.

ఆ తర్వాత మౌల్మేన్ నుంచి ఒక గొంతు.
"నా పేరు దెబోరా అమ్మా. బర్మా పేరు ఇంకోటుంది.
మా జేజినాయన యోబు.
తెలుగు మాట్లాడతా గానీ చదవలేను."
ఆమె పొద్దున తినేది టిఫిను కాదు, సద్ది.
బస్సుకి ఆమె దగ్గర తెలుగు లేదు.
నా దగ్గరా లేదు.

మా ప్రభుదాసు వినగానే,
"యోబులు వీధికొకడుంటారు అక్కా,
వాటా అడుగుతారేమో చూసుకో" అన్నాడు.
వాటా అంటే అరెకరం తుమ్మతోపు,
నీళ్ళు నిండిన పాత గని గుంట.

ఫోటోలు మార్చుకున్నాం.
ముక్కులు కలవలేదు. చెవులూ అంతే.
ఆమె బుగ్గల మీద పసుపుపచ్చ పూత.
నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానమే.

ఒక రాత్రి ఆమె వాయిస్ మెసేజ్ మధ్యలో
పిల్లాడెవడో గిన్నె పడేశాడు.
దెబోరా నన్ను మర్చిపోయి అరిచింది:
"నీ పలక పగలా!"

మంచం మీద లేచి కూర్చున్నా.
మా ఇంట్లో తప్ప
ఈ ఊళ్ళోనే ఎవరూ తిట్టని తిట్టు.
చీల్చేటప్పుడు రాయి అడ్డంగా పగిలితే
ఆ పూట కూలి లేదు.
అంత పెద్ద తిట్టు అది.
నాలుగుసార్లు విన్నా.
గిన్నె, తిట్టు, పిల్లాడి నవ్వు.

లెక్కేస్తే మేనత్త వరస.
"పలకంటే ఏంది అత్తా?"
"ఏమోనే. తలకాయేమో అనుకున్నా ఇన్నాళ్ళూ."

మర్నాడు సమాధి రాయి ఫోటో పంపింది.
"దీని మీద ఏముందో చదివి చెప్పు.
మా నాయన పోయాక చదివేవాళ్ళు లేరు."
వేళ్ళతో సాగదీసి చూశా.
చెక్కినవాడు బెదిరినట్టున్నాడు,
అక్షరాలు ఒకదాని మీదొకటి ఒరిగాయి:
మారకాపురం కాడి
పేరంటాలు కొడుకు యోబు.

పేరంటాలు.
గట్టిగా చదివి పంపా.
నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఇవాళ పనిలో
చట్రం బిగించిన పలక మీద బలపంతో ఆ పేరు రాశా.
మేస్త్రీ చూశాడు.
"సరుకు మీద రాతలేందమ్మా, తుడువు."
తడిగుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టా.
పలక గదా,
తడారితే కాస్త కనపడద్ది.