తగ్గించి చెప్పాల్సిన మాట

నాకు జపనీసు రాదు.
రాజాం హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి.
హెడ్మాస్టరు తోడు వెళ్ళమంటే వెళ్ళాను.
ఆర్డరు కాగితంలో ఎస్కార్టు అని రాశారు,
టీయే వస్తుందో రాదో రాయలేదు.

పిల్ల పేరు గేదెల యామిని, తొమ్మిది బి.
విజయనగరంలో కంటోన్మెంటు వైపు
ఏదో ప్రైవేటు బడి, ఏసీ హాలు.
గుమ్మంలోనే చొక్కాకి పిన్నుతో చీటీ గుచ్చారు,
దాని మీద కొడవళ్ళూ కర్రముక్కల్లాంటి అక్షరాలు.
వేలు పెట్టి చదివింది: "గెదెరా యామిని.
వాళ్ళకి లకారం లేదు సార్."
పోనీలేమ్మా అన్నాను,
సముద్రం దాటిన గేదెలు
ఒక్క అక్షరమేగా చిక్కిపోయాయి.

నేర్పినవాడు వావిలపల్లి సన్యాసిరావు.
నగోయాలో రెండేళ్ళు కారు తలుపులకి వెల్డింగు చేసి
వీసా అయిపోయి వచ్చేశాడు.
శనివారాలు సైన్సు లాబులో
ప్లాస్టిక్ అస్థిపంజరం పక్కన నిలబడి ఊరికే చెప్పేవాడు.
"క్రియ చివర్నే వస్తాది, మనకిలాగే.
తిట్టేడో మెచ్చేడో
వాక్యం అయ్యేదాకా తెలీదు."

ఇంట్లో పిల్ల వల్లిస్తూంటే నాయనమ్మకి కాలక్షేపం.
కని అంటే పీత. ఇను అంటే కుక్క.
"ఇను ఇను అంతే నన్నే ఇనమంతందనుకున్నాను."
ఒకరోజు మాత్రం చీపురు తీసింది:
"కన్నతండ్రిని పట్టుకుని ఛీఛీ అంటన్నావేటే గుంటా!"

చిచి.
పరాయివాళ్ళ ముందు మన తండ్రిని చెప్పే మాట.
ఇంట్లో పిలవడానికి వేరే ఉంది, ఒతోసాన్.
ఊళ్ళో ఎవరి తండ్రయినా ఒతోసానే,
మనవాణ్ణి మాత్రం బయట తగ్గించి చెప్పాలి.
అదీ వాళ్ళ మర్యాద.
బస్సులో వెళ్తూ ఇదంతా నాకు నేర్పింది,
నేను రెండుసార్లు తప్పు చెప్పాను.

నా కుటుంబం. మూడు నిమిషాలు.
విశాఖ నుంచి వచ్చిన జడ్జి మేడం వేలు గంట మీద ఉంది.
ఆఖరి వరసలో కుర్చీ అంచున
సగమే కూర్చున్నాడు వాళ్ళ అయ్య,
జూట్ మిల్లులో నైట్ షిఫ్టు దిగి
వేరే బస్సు పట్టుకుని అట్నుంచటే వచ్చాడు.
చెవి మీద నార పీచు అలాగే ఉంది.

యామిని నడుం వంచి లేచింది.
"వతాషి నో" అంది.
ఆగింది.
నాకు తెలిసిన రెండు మాటల్లో
మొదటి దాని కోసం చూస్తున్నాను.
ఆ పిల్ల ఆఖరి వరస వైపు చూసి
రెండోది అనేసింది.
సన్యాసిరావు నాలిక కరుచుకున్నాడు.
మేడం పెన్ను కదిలింది.

ఆ తర్వాతది నాకు అర్థం కాలేదు, అతనికీ కాలేదు.
కాని ఒతోసాన్ అని వినిపించినప్పుడల్లా
అతను కుర్చీలో ఇంచీ ఇంచీ వెనక్కి జరిగి
గంట మోగేసరికి
మొత్తం కూర్చున్నాడు.

నాలుగో స్థానం. మూడింటికే కప్పులు.
అక్షరాలు రాసే పోటీలో ఒక కాగితం విసనకర్ర.

తిరుగు బస్సు గరివిడిలో ఆగిపోయింది.
అయ్య నిద్రపోతున్నాడు, విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని.
తెలిసే అన్నావా, అని మెల్లిగా అడిగాను.
"ఎదరే ఉన్నాడు కద సార్.
ఎదర ఉంటే అది ఇల్లే కద."

నేను కిటికీలోంచి చూడ్డం మొదలుపెట్టాను.
హాఫియర్లీ పేపర్లో ఈ పిల్లే
మా అయ్య మిల్లుకి ఎల్తాడు అని రాస్తే
అయ్యకి ఎర్రసిరాతో సున్నా చుట్టి
పైన నాన్నగారు అని దిద్ది
అరమార్కు కోశాను.
చాలా అందంగా దిద్దాను, నా దస్తూరీ బాగుంటుంది.

రేపు సోమవారం.
ఆ కట్ట స్టాఫ్ రూము బీరువాలో ఉండాలి.
తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగాలి.